సున్నా గోల్స్, ఆరు మీసాలు

నేరేడుచర్ల సెంటర్లో కట్టిన ఫ్లెక్సీలో సగం దీప్లా మీసమే. మిగిలిన సగం దీప్లా. కింద మూలకు, ఎవరిదో ఒంటికి అతికించిన ఒక ఆడపిల్ల తల, చేతిలో పచ్చిక మీద ఆడే హాకీ కర్ర. ఆ తల అతని మేనకోడలు ప్రవళికది. పైన ‘గోల్స్ రాణికి స్వాగతం’ అని పెద్దక్షరాలు.

సెలవు మీద లద్దాఖ్ నుంచి దిగిన ప్రవళిక బ్యాగు పట్టుకుని ఆ ఫ్లెక్సీ కిందే నిలబడిపోయింది. మంచు మీద రబ్బరు బిళ్ళతో ఆడే ఐస్ హాకీలో ఆమె డిఫెండర్. అవతలివాళ్ళను గోల్ కొట్టనివ్వకపోవడమే ఆమె పని. దేశం తరఫున దుబాయ్ వెళ్ళింది, కిర్గిజ్‌స్తాన్ వెళ్ళింది, థాయిలాండ్ వెళ్ళి అక్కడొక పన్ను కూడా వదిలేసి వచ్చింది. ఇన్నేళ్ళలో కొట్టిన గోల్స్ మాత్రం సున్నా.

“గోల్స్ రాణి ఏంది మామా?” ఆటోతో ఎదురొచ్చిన దీప్లాను అడిగింది.

“మరి నా ఆటోల మిర్యాలగూడ దాకా కూసున్నోళ్ళకు ఏం జెప్పాలె? ఆపింది, ఆపింది అంటే ఎవలింటరు? నువ్వు కొడితే ఆ రబ్బరు బిళ్ళ పోయి మంచుకొండకు తాకి, కొండ సగం ఇరిగిందన్న. గాడ చాయ్ తాగరు, కొరుక్క తింటరని గూడ చెప్పిన.”

“అయ్యో, మామా!”

“ఇంకోటి ఉన్నది కోడలా. జర కోపం జెయ్యకు.”

ఆ ఇంకోటి ఏమిటంటే, మొన్న కోదాడ ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు ఐదుగురు అతని ఆటో ఎక్కారు. చక్రాల బూట్లేసుకుని హాకీ ఆడే బ్యాచ్. కొండ విరగడం విని పడీపడీ నవ్వారు. దీప్లాకు రోషమొచ్చింది. ఆదివారం మిర్యాలగూడ రైస్ మిల్లు కళ్ళంలో నా కోడలు ఒక్కతే మీ ఐదుగురి మీద ఆడుతుంది, ఒక్క గోలైనా కొట్టకపోతే మీసం తీసేస్తానన్నాడు. వాళ్ళ లీడరు మహేందర్ తగ్గలేదు: “మేం ఒక్కటి కొట్టకపోతే మా ఐదుగురి మీసాలూ తీసేస్తాం బాబాయ్!”

ప్రవళిక బ్యాగు కింద పెట్టి మామ మీసం వైపు చూసింది. మామ కథలకు ఉన్న ఒకే ఒక్క సాక్షి ఆ మీసం. అది పోతే తండాలో అతను టైమెంతైందో చెప్పినా ఎవరూ నమ్మరు.

నిజానికి ఆమెకు ఈ ఆట నేర్పింది మేకలు. చిన్నప్పుడు కోతలైతే తల్లి సాలి రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చేతికి కట్టెనిచ్చి, “మేకలకు ఈపు సూపకు బిడ్డా” అని చెప్పి పోయేది. ప్రవళిక మేకల మొహాలు చూస్తూ, వెనక్కి వెనక్కి నడుస్తూ, వడ్ల చుట్టూ తిరిగేది. పెద్దయ్యాక సరిహద్దు దళంలో కానిస్టేబులైంది. లద్దాఖ్‌లో మొదటిసారి మంచు మీద నిలబెడితే ముందుకు రెండడుగులేసి బోర్లాపడింది. లేచి, భయంతో వెనక్కి కదిలింది. అంతే, నూనె మీద జారినట్టు అవతలి ఒడ్డుకు పోయింది. కోచ్ టోపీ తీసి తల గోక్కున్నాడు. ఆమెకు ముందుకు పోవడం నేర్పడానికి ఆయనకు రెండు చలికాలాలు పట్టింది.

ఆదివారం మిల్లు కళ్ళం నున్నగా ఊడ్చారు. రెండు దిక్కులా జంట బస్తాలు, అవే గోల్ పోస్టులు. గోల్ కీపర్లు లేరు. హాలియా నుంచి కూడా జనం దిగారు. ప్రవళిక చక్రాల బూట్లు బిగించింది. ఐదుగురూ వచ్చారు, ఐదుగురూ పోయారు. ఎడమ నుంచి వస్తే కర్ర అడ్డం, కుడి నుంచి వస్తే కాలు అడ్డం. మహేందర్ ఆమెను దాటబోయి వడ్ల రాశిలో నడుందాకా దిగబడ్డాడు.

“గోల్ కొట్టు కోడలా! మీసం, మీసం!” దీప్లా గొంతు చించుకుంటున్నాడు.

ఆట అయిపోవస్తుండగా బిళ్ళ ఆమె కర్రకు దొరికింది. ముందు ఎవరూ లేరు. అవతలి బస్తాల మధ్య ఖాళీ జాగా నోరు తెరుచుకుని ఉంది. ఆమె ముందుకు దూకింది. అప్పుడే జనంలోంచి సాలి లంబాడీలో కేకేసింది. వడ్లొదిలేసి ఎటు పోతున్నవే అని ఆ కేకకు అర్థం. కోదాడ పిల్లలకు ముక్క అర్థం కాలేదు. ప్రవళిక కాళ్ళకు మాత్రం అర్థమైంది. గిర్రున తిరిగి చూస్తే ఆ ఐదుగురిలో ఇద్దరు తన బస్తాల పక్కనే పొంచి ఉన్నారు, అచ్చం మేకల్లాగే. ఆమె బిళ్ళను కళ్ళం బయటికి ఒక్క కొట్టు కొట్టి, వెనక్కి జారుకుంటూ వచ్చి బస్తాల ముందు నిలబడింది.

విజిల్ పడింది. సున్నా, సున్నా.

“మామా, నీ మీసం…”

దీప్లా ఎటో చూస్తూ మీసం చివరిసారి మెలేశాడు. సాలి తమ్ముణ్ణి పట్టించుకోకుండా కూతురి చెమట కొంగుతో తుడిచింది. “వడ్లల్ల ఒక్కటన్న మూతి పెట్టిందా? పెట్టలే. ఇగ గోలెందుకే?”

ఆ సాయంత్రం సెలూన్లో వరసగా ఆరు మొహాలకు నురగ పూశారు. ఐదు మీసాలు గీస్తే గీసినట్టు కూడా తెలియలేదు. ఆరోదానికి మంగలి రెండు బ్లేడ్లు మార్చాడు.

మర్నాడు ఆటో ఎక్కిన ముసలమ్మ అతని మొహం తేరిపార చూసింది. “పాత డ్రైవరేడి బిడ్డా?”

“నేనే అవ్వా. కూసో, చెప్తా. నా ఒక్క మీసానికి నా కోడలు ఐదు మీసాలు రాలగొట్టింది. గోల్ కొట్టకుండనే! కొట్టుంటే మిర్యాలగూడల మొగోనికి మీసముండునా?”