వదినతో నడక

మా వదిన, అంటే మా ఆయన అక్క, పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీ ప్యాకింగ్ సెక్షన్‌లో ఇరవై ఏళ్లు పనిచేసింది. పని మానేసి పటేల్‌గూడలో మా పక్క పోర్షన్‌కి వచ్చాక ఖాళీగా కూర్చోవడం ఆమె వల్ల కాలేదు. రోజూ పొద్దున్నే నడక మొదలుపెట్టింది. బడిలో పాఠాలు చెప్పుకునే నన్ను కూడా లాక్కెళ్లేది.

పోయిన చలికాలంలో మా చర్చి వార్షికోత్సవానికి ఆడవాళ్ల నడక పందెం పెట్టారు. మైదానం చుట్టూ మూడు రౌండ్లు. ఇద్దరం పేర్లిచ్చాం. సరిగ్గా నాలుగు రోజుల ముందు నాకు జలుబు చేసింది.

గేటు దగ్గరే వదిన నన్ను ఆపింది.

"ఉత్త ముక్కేనా, గొంతుల గిట్ల గరగర ఉన్నదా?"

"ఉత్త ముక్కే వదినా."

"పెయ్యి నొస్తుందా?"

"లేదు."

"గట్లయితే మెల్లగ నడుద్దాం. ఛాతిలకు దిగిందంటే మాత్రం పండుకోవాలె."

కంపెనీలో ఉండే నర్సు దగ్గర నేర్చుకున్న మాట అది. ఆ రోజు నేను చెప్పింది నిజమే. కాస్త చెమట పట్టేసరికి ముక్కు దిబ్బడ వదిలి హాయిగా అనిపించింది కూడా.

మర్నాడు లేచేసరికే ఒళ్లు నొప్పులు, ఛాతీలో బరువు. పందెం పోతుందన్న భయంతో వదినకు మళ్లీ "ఉత్త ముక్కే" అని చెప్పాను. ఆమె బూట్ల తాళ్లు కట్టుకుంటూ నా మాట నమ్మేసింది.

ఒక ఫ్యాక్టరీ ప్రహరీ పక్కన వెళ్తుండగా దగ్గు తెర వచ్చింది. అక్కడే కూలబడ్డాను. వదిన వంగి నా నుదుటిమీద చెయ్యి పెట్టింది.

"పెయ్యి కాలుతున్నది గదనే! నాతోటి అబద్ధమెందుకు చెప్పినవ్?"

"పందెంల నీ పక్కన నడవాలనుకున్న వదినా."

వదిన లేచి రోడ్డు వైపు చూసింది. రాత్రి షిఫ్టు దిగిన ఆడవాళ్లతో ఒక బస్సు వస్తుంటే నేరుగా రోడ్డు మధ్యకు వెళ్లి చెయ్యెత్తింది.

"ఇది స్టాఫ్ బస్సమ్మా," అన్నాడు డ్రైవరు.

"తెలుసు తమ్మీ. గిసొంటి బస్సులల్లనే ఇరవై ఏండ్లు తిరిగిన. పిల్లకు జరమొచ్చింది, జెర మా గల్లి మూల మీద దింపు."

నిద్ర కళ్లతో ఉన్న ఒకామె లేచి నాకు సీటిచ్చింది.

మూడు రోజులు వదిన నన్ను మంచం దిగనివ్వలేదు. మిరియాల చారు తనే తెచ్చి తాగించేది. ఆ మూడు రోజులూ తను కూడా నడకకు వెళ్లలేదు.

పందెం రోజు, ఆదివారానికి, జ్వరం పోయింది, నీరసం మిగిలింది. నడుస్తానని బతిమాలాను.

"రెండు రౌండ్లే, మెల్లగ. దగ్గొచ్చిందంటే కూసో," అంది.

విజిల్ మోగింది. నాకోసం ఆగుతుందేమో అనుకున్నాను. ఆమె వెనక్కి తిరిగి కూడా చూడలేదు. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, చిన్న వయసు వాళ్లందరినీ దాటేసి మొదటొచ్చింది. అందరూ చప్పట్లు కొడుతుంటే గుంపులోంచి తప్పుకుని, రెండో రౌండు సగంలో ఉన్న నా దగ్గరికి వచ్చింది.

"నీ పందెమైపోయింది గదా వదినా?" అన్నాను.

"నీది కాలే గదా. నడువు."

తర్వాతి ఆటకు మైదానం ఖాళీ చేయమని మైకులో రెండుసార్లు చెప్పారు. ఆమె వినిపించుకోలేదు. నా చెయ్యి పట్టుకుని నా నడకకు తగ్గట్టే నడిచింది.