కోటుకు వెనక భాగం

మా వీధిలో నా అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ నేను 'రేపు మాస్టారు'ని. ఎదురుగా మాత్రం 'మాస్టారూ' అనే అంటారు, ముందున్న ఆ ముక్క నేను కుట్టు మిషను వైపు తిరిగాక కలుపుతారు. కోపం తెచ్చుకునే అర్హత కూడా నాకు లేదు. పెళ్లయిన కొత్తలో మా ఆవిడకు కుట్టిపెడతానన్న చలికోటు ఇవాళ్టికీ రేపే.

అలాగని నన్ను ఉత్త అబద్ధాలకోరు అనుకోకండి. నాకో పద్ధతుంది. గుడ్డ చేతికి రాగానే ఒక్క కోటుకు ముందు భాగం కత్తిరించి, దూరం దూరంగా నాలుగు కుట్లు వేసి, కాలరు నిలబెట్టి, గుమ్మంలోంచి కనబడేలా హ్యాంగరుకు తగిలిస్తాను. దాని వెనక గోడ తప్ప ఏమీ ఉండదు. వచ్చినవాళ్లు చూసి "అబ్బో, అయిపోవచ్చిందే!" అని సంబరంగా వెళ్లిపోతారు. ఈ విద్య నాకు గురువు నేర్పింది కాదు, పూర్తిగా నా సొంత తెలివి.

ఒకరోజు మావాడి పంతులమ్మ నన్ను బడికి పిలిపించింది.

"లెక్కలు చేశావా అంటే రేపు చూపిస్తానంటాడండీ మీవాడు. మొదటి పేజీలో మాత్రం గీతలు కొట్టి, రంగు పెన్సిలుతో అంకెలు దిద్ది పెడతాడు. తిప్పితే ఖాళీ! ఎవరిని చూసి నేర్చుకున్నాడో!"

నాకూ అంతుబట్టడం లేదన్నాను. ఇంటికొచ్చి మా ఆవిడను నిలదీశాను. ఆవిడ కాజా కుడుతున్న సూదిని అలాగే ఆపి, నన్ను పైనుంచి కిందిదాకా ఓసారి చూసి, మళ్లీ కుట్టుకుంది.

నీతి అన్నది చెవిలో చెబితే ఎక్కదు, పనిలో పెట్టి నేర్పాలి అని ఆ రాత్రి గొప్ప తీర్మానం చేశాను. సెలవులివ్వగానే కొట్లో ఓ మూల ఖాళీ చేసి, పాత మిషనూ ముక్కగుడ్డల మూటా పిల్లలిద్దరికీ అప్పగించాను. సంచుల వ్యాపారం. క్షణం పడని ఆ అక్కాతమ్ముళ్లలో అక్క కుట్టాలి, తమ్ముడు తిరగేసి మూలలు లాగి అమ్మాలి. ప్రారంభోత్సవానికి నేనే ఉపన్యాసం ఇచ్చాను.

"వ్యాపారానికి రెండే కాళ్లు. ఒకటి నిజం, రెండోది కలిసి పనిచెయ్యడం. కొనేవాళ్లకి వస్తువు లోపలా బయటా, ముందూ వెనకా అన్నీ చూపించాలి. తెలిసిందా?"

ముందూ వెనకా అని ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు. నా నోటి దురద.

పిల్లలు దాన్ని పొల్లుపోకుండా పట్టుకున్నారు. "దీని అడుగున అతుకుందండీ. కూరలు మోస్తుంది గానీ బంగాళాదుంపలు నింపితే నాది పూచీ కాదు" అనేవాడు మావాడు. "ఆ అతుకు నేనే వేశాను. కూర్చోండి, ఇంకో వరస కుట్టి ఇస్తాను" అనేది మిషను దగ్గర్నుంచి మా అమ్మాయి. జనం కూర్చునేవాళ్లు! నా కోసం వచ్చినవాళ్లు గుమ్మంలో నిలబడి గొణిగి వెళ్లిపోతారు, వీళ్ల కోసం వచ్చినవాళ్లు బల్ల మీద కూర్చుని కబుర్లు చెబుతారు. గర్వపడ్డాను. కొంచెం కడుపు మండింది కూడా.

అప్పుడే నా జన్మలో ఎన్నడూ రానంత పెద్ద పని వచ్చింది. ఊళ్లో బ్యాండు వాళ్లందరికీ పోటీ కోసం కొత్త కోట్లు. ఇది బాగా కుదిరితే నా కొట్టు నిలబడినట్టే, చెడితే బోర్డు దించుకోవాల్సిందే. అంత ముఖ్యమైన పని కాబట్టి ఒక కోటు ముందు భాగం చాలా శ్రద్ధగా తగిలించాను. మిగతా గుడ్డ బల్ల కింద హాయిగా నిద్రపోతోంది.

పోటీ ఆదివారం. ఆ వారం మొదట్లోనే బ్యాండు పెద్దాయన వీధి మలుపులో కనబడ్డాడు. నేను దొడ్డిదారిన పక్క టీ కొట్లోకి జారుకున్నాను. మధ్యలో చెక్క గోడే గనక అన్నీ వినబడతాయి.

"మీ నాన్న లేడా బాబూ?"

"ఉన్నారండీ. పక్కన టీ తాగుతున్నారు. మీరు వెళ్లాక వస్తారు."

గ్లాసు కింద పెట్టి గోడకు చెవి ఆనించాను.

"సరేలే. కోటు తయారైనట్టే ఉందిగా!"

"ముందు వైపు బాగుందండీ. వెనక కూడా చూపిస్తా ఉండండి."

కొక్కెం కిర్రుమంది.

"వెనకేదిరా?"

"ఇంకా లేదండీ. మిగతా గుడ్డ బల్ల కింద ఉంది. అదీ చూపించనా?"

ఇక దాక్కోవడంలో అర్థం లేదు. లోపలికి వెళ్లేసరికి పెద్దాయన గుడ్డ మూట మీద చెయ్యేసి నిలబడ్డాడు.

"మాస్టారూ, మీవాడు చెప్పేది నిజమేనా?"

నా నాలుక మీద వాక్యం సిద్ధంగా ఉంది. చిన్నపిల్లాడండీ, వాడికేం తెలుసు, మిగతావన్నీ ఇంట్లో ఉన్నాయి. ఆ ఒక్క మాటతో పని నా చెయ్యి జారకుండా ఉంటుంది. "చిన్నపిల్లాడండీ..." అని మొదలుపెట్టేశాను కూడా.

మావాడు భయపడి ఉంటే పూర్తి చేసేసేవాణ్నేమో. వాడు భయపడలేదు. పాఠం తప్పుల్లేకుండా ఒప్పజెప్పి, మెచ్చుకుంటారని ఎదురుచూసే పిల్లాడిలా నా మొహంలోకే చూస్తున్నాడు. మా అమ్మాయి మిషను ఆపేసింది. వాక్యం పూర్తిచేస్తే అబద్ధాలకోరు వాడవుతాడు, అదీ నా నోటితో. నాకు నిజంగా భయమేసింది.

"చిన్నపిల్లాడండీ," అన్నాను మళ్లీ, "వాడు చెప్పిందే నిజం."

పెద్దాయన టోపీ తీసి బల్ల మీద కూలబడ్డాడు. తిడతాడనుకున్నాను. "ఆదివారానికి మీవల్ల నిజంగా ఎన్నవుతాయి?" అనడిగాడు నీరసంగా. నిజంగా అన్న మాట కలిపి నన్నెవరూ ఏదీ అడిగిన పాపాన పోలేదు.

"సగం అవుతాయండీ," అంది మా అమ్మాయి. "అమ్మ కాజాలు చూసుకుంటుంది, నేను లైనింగు కుడతాను. మిగతా సగం వీధి చివర టైలరు గారికివ్వండి. నాన్నా, అన్నీ ఒకేలా ఉండాలంటే మనం గుడ్డ కత్తిరించుకునే కాగితం అచ్చులు ఆయనకివ్వాలి."

వీధి చివరవాడికా! వాడికీ నాకూ మాటల్లేవు. నా కాలరు వాడు కాపీ కొట్టాడని నేను, వాడి కాలరు నేను కొట్టానని వాడు. నా అచ్చులు వాడి చేతిలో పెట్టడమంటే తల తీసి బల్ల మీద పెట్టినట్టే. కలిసి పనిచెయ్యడం గురించి ఉపన్యాసమిచ్చిన మహానుభావుణ్ని కదా, వెళ్లక తప్పలేదు. వాడు అచ్చులు తిరగేసి మరగేసి చూసి, "ఇవాళే తెచ్చావే! ఒంట్లో బాలేదా?" అన్నాడు. తీసుకున్నాడు మాత్రం.

ఆదివారం మేం నలుగురం వీధి పక్కన నిలబడ్డాం. డప్పులు మోగిస్తూ బ్యాండు వచ్చింది. జనమంతా మెరిసే గుండీలు చూసి చప్పట్లు కొట్టారు. మేం మాత్రం వాళ్లు దాటిపోయేదాకా ఆగాం.

"అన్నిటికీ వెనకుంది నాన్నా!" అని అరిచాడు మావాడు. చుట్టూ ఉన్నవాళ్లు మావైపు తిరిగి చూశారు. ఏవి నావో, ఏవి వీధి చివరవాడివో నాకే తెలియలేదు. నా కళ్లు చెమ్మగిల్లాయి, దాచుకోలేదు.

ఆ సందడిలో మా ఆవిడ మెల్లగా అడిగింది. "మరి నా చలికోటు?"

నోరు అలవాటు ప్రకారం తెరుచుకుంది. పిల్లలిద్దరూ నన్నే చూస్తున్నారు.

"ఇంకా గుడ్డ కూడా కొనలేదు," అన్నాను.

పెళ్లయ్యాక ఆ కోటు గురించి నేను చెప్పిన మొదటి నిజం అది. నేను మరిచిపోయి మెడలో వేసుకొచ్చిన టేపు ఆవిడ తీసి నా చేతిలో పెట్టి, అందరిలోనూ వెనక్కి తిరిగి నిలబడింది.

"వీపు కొలతతో మొదలెట్టండి," అంది.