దేవదానం గారింట్లో ఇడ్లీ ఆగిపోయిన కథ

2023లో నేను ముత్తుకూరు దగ్గర ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. పోర్టులో పనిచేసేవాళ్లు, రొయ్యల గుంటల మీద కాపలా ఉండేవాళ్లు, వరి రైతులు, వీళ్లే మాకు వచ్చే జనం. పొద్దున ఓపీ తెరిచేసరికి వరండాలో బెంచీలు నిండిపోయి ఉండేవి. నేను కాస్త నోరున్న మనిషిని. ఇచ్చిన మాత్రలు అటక మీద పెట్టి వచ్చి "తగ్గలా సిస్టరమ్మా" అనేవాళ్లను ఊరికే వదిలేదాన్ని కాదు. అయినా అందరూ నా బల్ల దగ్గరికే వచ్చేవాళ్లు. తిట్టినా చివరిదాకా వింటానని వాళ్లకు తెలుసు.

అలా ఒకరోజు ఎస్తేరమ్మ అనే ఆవిడ భర్తను వెంటబెట్టుకొని వచ్చింది. ఆయన పేరు దేవదానం. అరవై దాటిన మనిషి, పోర్టులో ట్రైలర్ లారీ నడిపి మానేశాడు. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్నవాడే కానీ చొక్కా భుజాల మీద నుంచి జారిపోతోంది. పెదవుల మూలలు రెండు పక్కలా పగిలి ఎర్రగా ఉన్నాయి. ఏమైందని ఆయన్ను అడిగాను. జవాబు ఆవిడ చెప్పింది.

"నోరంతా మంట సిస్టరమ్మా. కారం తాకనీడు. నాలిక మీదా బుగ్గల్లోనూ తెల్లగా పెరుగు పట్టినట్టు ఉంటాది. చర్చిలో పాటెత్తుకునేది ఈయనే. ఇప్పుడు పాట కూడా మానేసినాడు. ఒళ్లంతా ఈస్టు పెరిగిపోయుండాది."

"ఈస్టు అని ఎవరు చెప్పారమ్మా?"

"ఫోన్లో చూసినా. ఒకామె చెప్తా ఉండాది, అన్నీ ఈయన లక్షణాలే. మందులు అక్కర్లేదంట, తిండితోనే, ఆకులతోనే తగ్గించుకోవచ్చంట."

నిజం చెప్పాలంటే ఫోన్లో ఆమె చెప్పిన పేరు తప్పు కాదు. కాండిడా అనే ఈస్ట్ మనలో చాలామంది నోట్లోనూ పేగుల్లోనూ కొద్దిగా ఉంటుంది. మామూలుగా ఎవరి జోలికీ పోకుండా గమ్మున పడి ఉంటుంది. షుగరు అదుపు తప్పినా, యాంటీబయాటిక్ మందులు ఎక్కువగా వాడినా, ఉబ్బసానికి స్ప్రే పీల్చి నోరు పుక్కిలించకపోయినా అది పెరిగిపోతుంది. నోట్లో పెరిగితే మేము ఓరల్ థ్రష్ అంటాం. అయితే ఊరికే పెరగదు, దానికి ఒక కారణం ఉంటుంది. ఆ కారణాన్ని పట్టుకోకుండా ఎన్ని ఆకులు నూరినా, ఎన్ని మందులు పూసినా మళ్లీ వస్తుంది.

ఇంతవరకూ ఏమేం చేశారని అడిగాను. ఆవిడ చెప్పడం మొదలుపెడితే నేను కలం కింద పెట్టేశాను. ముందు పంచదార, బెల్లం ఆపేసింది. తరువాత ఇడ్లీ, దోసె. పిండి పులిస్తే అందులో ఈస్టు ఉంటుంది కదా, అదే కడుపులోకి పోయి పెరుగుతోందని ఆవిడ లెక్క. బన్నూ బ్రెడ్డూ ఎలాగూ పోయాయి. అన్నం బదులు కొర్రలు. పొద్దున్నే కొబ్బరి నూనె పుక్కిలించడం, ఆ తరువాత వేపాకు రసం. చర్చిలో స్త్రీల సమాజం వాళ్లు ప్రార్థన చేసి ఊరుకోలేదు, తలా ఒక చిట్కా చెప్పారు. ఒకావిడ పసుపు, తేనె అంది. ఇంకొకావిడ పచ్చి వెల్లుల్లి దంచి బుగ్గలో పెట్టుకోమంది.

"పాస్టరుగారిని కూడా అడిగినా సిస్టరమ్మా, చర్చిలో ఇచ్చే సంస్కారం రొట్టెలో ఈస్టు ఉంటాదా అని."

"ఆయనేమన్నాడు?"

"నవ్వినాడు. అంత చిన్న ముక్కకి ఏమీ కాదమ్మా, భయపడకుండా తీసుకోమన్నాడు. అయినా నాకు అనుమానమే."

నాకూ నవ్వొచ్చింది కానీ ఆపుకున్నాను. ఆవిడ మొహంలో నవ్వు లేదు. దేవదానం గారు మాత్రం తలవంచుకొని కాళ్ల వేళ్లు చూసుకుంటున్నాడు. ఇన్ని శిక్షలు పడ్డ మనిషి ఒక్క మాటైనా విసుక్కోకపోవడం నాకు వింతగా అనిపించింది.

ర్యాండమ్ షుగర్ చూశాను, బాగానే ఉంది. ఉబ్బసం లేదు, ఈమధ్య యాంటీబయాటిక్ ఏదీ వాడలేదు. నోరు తెరవమన్నాను. ఎస్తేరమ్మ నా చేతిలోంచి టార్చి లాక్కొని తనే వెలుగు పట్టింది. నాలుక మీద, బుగ్గల్లో తెల్లటి పొర ఉంది. బుగ్గ లోపల ఒకచోట చర్మం కాలినట్టు ఊడింది. అది వెల్లుల్లి చేసిన నిర్వాకం. పచ్చి వెల్లుల్లి అట్టే పెట్టి ఉంచితే నోట్లో పల్చటి చర్మం బొబ్బలెక్కుతుంది. ప్రకృతి ఇచ్చింది కదా అని అన్నీ మెత్తగా ఉండవు.

అప్పుడు పైకి చూశాను. మన అంగిలి ఎప్పుడూ ఒకే రంగులో ఉండదు. ముందు భాగంలో సన్నటి మడతలుంటాయి, అక్కడక్కడ రక్తనాళాలు కనిపిస్తాయి. ఈయన అంగిలి మొత్తం ఒకే గులాబీ రంగులో నిగనిగలాడుతోంది. టార్చి వెలుగు పడితే మెరిసింది. పైపళ్లు కూడా ఆ వయసులో ఉండాల్సిన దానికన్నా ఎక్కువ వరసగా ఉన్నాయి.

"అన్నా, కట్టుడు పళ్లు ఏమైనా ఉన్నాయా?" అని మామూలుగా అడిగాను.

ఆయన నోరు తెరిచే ఉంది కాబట్టి జవాబు మళ్లీ ఎస్తేరమ్మే చెప్పింది. "అయ్యో, ఆ పళ్లన్నీ ఈయన సొంతవే సిస్టరమ్మా. మా చుట్టాల్లో ఈ వయసుకి ఇట్టాంటి పళ్లు ఎవురికీ లేవు."

ఆయన కళ్లు నా వైపు తిరిగాయి. ఆ చూపులో ఉన్నది బతిమాలుడు. నాకు సగం అర్థమైపోయింది.

మా వైపు రోగితో వచ్చినవాళ్లే రోగం చెప్తారు. మొగుడి కడుపునొప్పి పెళ్లాం చెప్తుంది, అత్త దగ్గు కోడలు దగ్గి చూపిస్తుంది. ప్రేమ కొద్దీ చేసేదే, కాదనను. కానీ అసలు మాట అక్కడే ఆగిపోతుంది. అందుకని ప్రతి రోగినీ కాసేపు ఒంటరిగా చూడటం నా పద్ధతి. బరువు చూడాలి, లోపలి గదిలోకి ఒక్కరే రావాలని చెప్పి ఆయన్ను తీసుకుపోయి తలుపు వేశాను.

"ఇప్పుడు చెప్పండన్నా. ఆ పై పళ్లసెట్టు ఎన్నాళ్ల నుంచి రాత్రిళ్లు తీయడం లేదు?"

ఆయన బరువు మిషను మీద నిలబడే ఉన్నాడు. దిగడం కూడా మర్చిపోయాడు. "పెళ్లయినకాడి నుంచీ," అన్నాడు.

ఇది ఇద్దరికీ రెండో పెళ్లి. ఆయన భార్య పోయి చాలాకాలమైంది, ఎస్తేరమ్మ కూడా భర్తను పోగొట్టుకున్న మనిషి. కిందటేడు చర్చిలోనే పెళ్లి జరిగింది. ఆయన పైపళ్లు లారీ మీద సరుకు బిగించే గొలుసు తెగి మూతికి తగిలినప్పుడు పోయాయి. మిగిలిన ఒకటీ అరా పీకించి నెల్లూరులో సెట్టు కట్టించుకున్నాడు. మంచి డాక్టరు చేతిలో పడ్డాడేమో, ఎవరూ కనిపెట్టలేనట్టు కుదిరింది.

"పెళ్లిమాటలకి వచ్చినప్పుడు ఆమె నన్ను చూసి, మీ పళ్లు భలే ఉండాయి అనింది సిస్టరమ్మా. నన్ను ఎవురైనా బాగుండావని అని ఎన్నేళ్లయిందో. కాదమ్మా, ఇవి కట్టుడువి అని అప్పుడే అనుంటే సరిపోయేది. నోరు రాలా. ఆ తర్వాత ఇంక చెప్పే తావే లేకపాయ."

"మరి కడుక్కోవడం?"

"ఆమె ముందర సొంత పళ్లు తోముకున్నట్టే తోముతా. ఆమె చేపలకి పోయినప్పుడు గబగబా తీసి కడిగి పెట్టేసుకుంటా. రాత్రిళ్లు పెట్టుకొనే పడుకుంటా."

ఇంకేముంది, కారణం దొరికింది. పళ్లసెట్టుని రాత్రీపగలూ తీయకుండా ఉంచితే దాని కింద గాలి ఆడదు, ఉమ్ము సరిగా పారదు. ఈస్ట్ ఆ ప్లాస్టిక్‌ను పట్టుకొని అక్కడే కాపురం పెట్టేస్తుంది. ఎస్తేరమ్మ ఎన్ని పుక్కిలింతలు చేయించినా అవి సెట్టు కిందికి పోలేదు. ఇడ్లీ మానేసినా లాభం లేదు, పిండిలో ఈస్టుకీ దీనికీ సంబంధం లేదు. అసలైన ప్రకృతి వైద్యం ఒకటుంది. రాత్రి పళ్లు తీసి, తోమి, నీళ్లలో వేసి, నోటికి విశ్రాంతి ఇవ్వడం. మందుచుక్కలు దానికి తోడు మాత్రమే.

ఆ మాటే చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది. "రాత్రి ఎట్టా తీసేది? ఆమె పక్కనే ఉంటాది గదా. పగలైతే కుదరదా? బాత్రూములో కూచుంటా."

"రోజూ అంతసేపు బాత్రూములో కూచుంటే ఆమె దానికి ఇంకో కషాయం కాస్తుంది, చూసుకోండి."

ఆయన నవ్వబోయి మూతి మండి ఆగిపోయాడు. "నువ్వు మాత్రం చెప్పొద్దు తల్లీ," అన్నాడు. చెప్పనన్నాను. రోగి మాట రోగిదే. నాకు చిరాకు వచ్చిన మాట వాస్తవం, కానీ ఆ చిరాకుతో ఆయన గుట్టు బయటపెట్టే హక్కు నాకు లేదు.

మెడికల్ ఆఫీసరు గారికి చెబుదామని బయటికి వచ్చాను. ఎస్తేరమ్మ బెంచీ మీద కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడుస్తోంది. నన్ను చూసి చెయ్యి పట్టుకుంది.

"తలుపేసి చెప్పినారంటే నాకు అర్థమైపోయింది. క్యాన్సరేనా సిస్టరమ్మా?"

పక్కన కూర్చొని, ఎందుకలా అనుకుంటోందని అడిగాను. ఆవిడ మొదటి భర్త నోటి క్యాన్సరుతో పోయాడట. ఆయనకీ మొదట బుగ్గలో తెల్లగా వచ్చిందట. దేవదానం గారి నోట్లో తెలుపు చూసిన రోజు నుంచీ ఆవిడకు నిద్ర లేదు. ఆస్పత్రికి పోతే ఆ మాట ఎక్కడ వినాల్సొస్తుందోనని ఫోన్లో దొరికిన ఈస్టుని పట్టుకుంది. క్యాన్సరు కాకుండా ఏదైనా పర్వాలేదు, వేపాకుతో పోయేదైతే చాలని ఆవిడ ఆశ. అప్పటిదాకా నేను మనసులో నవ్వుకున్న చాదస్తం వెనుక ఇంత భయం ఉంది.

"అలాంటిదేమీ నాకు కనిపించలేదమ్మా. డాక్టరు గారు కూడా చూస్తారు," అన్నాను.

"అప్పుడు కూడా ఇట్టనే అన్నారు," అంది. నమ్మలేదు.

ఇక నావల్ల కాలేదు. "ఈ భయం నాకు చెప్తే ఏం లాభం? లోపలికి వచ్చి ఆయనకి చెప్పు," అని చెయ్యి పట్టుకొని గదిలోకి తీసుకుపోయాను.

ఆవిడ గుమ్మంలోనే నిలబడి చెప్పింది. "ఇంకోసారి ఆ ఆస్పత్రుల చుట్టూ తిరగలేనయ్యా. మీకేదన్నా అయితే నేను తట్టుకోలేను. ఏముందో చెప్పేయండి, నా దగ్గర దాచొద్దు."

దేవదానం గారు ఆవిడ వైపు చూశాడు. మొహం తిప్పుకుంటాడేమో అనుకున్నాను. తిప్పుకోలేదు. రెండు వేళ్లు నోట్లో పెట్టి పైసెట్టు లాగాడు. అది తేలిగ్గా రాలేదు. వచ్చాక అరచేతిలో పెట్టి ఆవిడ ముందుకు చాపాడు. బుగ్గలు లోపలికి పోయి ఒక్కసారిగా పదేళ్లు పెద్దవాడిలా కనిపించాడు.

"ఇదీ నా రోగం ఎస్తేరూ," అన్నాడు. పైపళ్లు లేక మాట తొస్సిగా వచ్చింది.

ఆవిడ ఆ పళ్ల వైపు చూసింది, ఆయన మొహం వైపు చూసింది. తరువాత చెంగుతో ఆయన భుజం మీద ఒక్కటి కొట్టింది, ఇంకొకటి కొట్టింది.

"ఇందుకా? దీని కోసం నన్ను ఇంత ఏడిపిస్తారా? మీతోపాటు నేను కూడా ఇడ్లీ మానేసి ఆ కొర్రలు మింగుతా ఉండానే, అప్పుడైనా నోరు తెరవకూడదా?"

ఏడుస్తూనే నవ్వింది. ఆయన బోసినోటితో నవ్వాడు. నేను గాజు గుడ్డ తీయడానికని అటు తిరిగాను, నాకు కూడా కళ్లు సరిగా కనిపించలేదు.

మెడికల్ ఆఫీసరు గారు వచ్చి చూశారు. సెట్టు ఉన్నంత మేరా అంగిలి ఎర్రగా కంది ఉంది. తెల్లపొరను గాజు గుడ్డతో తుడిస్తే ఊడి వచ్చింది. తుడిస్తే వచ్చేది సాధారణంగా థ్రష్ అని, తుడిచినా రాని మచ్చ ఉంటే వెంటనే చూపించుకోవాలని ఆయన ఎస్తేరమ్మకు విడమరచి చెప్పారు. ఆవిడ తనే వంగి ఆ గుడ్డ చూసి, అప్పుడు నమ్మింది. చుక్కల మందు రాశారు. పాత సెట్టు వదులైందేమో చూపించుకొమ్మని నెల్లూరు పంటి డాక్టరు దగ్గరికి పంపారు. వెల్లుల్లి పూర్తిగా బందు. ఉప్పునీళ్ల పుక్కిలింత, పెరుగు అన్నం ఉంచుకోమన్నారు, అవి మందు కాకపోయినా హాని లేదు గనక.

రెండు వారాల తరువాత ఇద్దరూ వచ్చారు. నోరు శుభ్రంగా ఉంది, మూతి మూలలు మానాయి. ఆదివారం పాట కూడా ఎత్తుకున్నాడట. పళ్లు రాత్రి తీస్తున్నాడా అని ఆవిడనే అడిగాను.

"నేనే తోమి నీళ్లలో ఏస్తుండా. ఈయనకి తోమను రాదు," అంది.

నాలో మార్పు చిన్నదే. నోట్లో తెలుపుతో ఎవరొచ్చినా ఇదివరకు ఏం తింటున్నారు, ఏ మందులు వాడుతున్నారు అని అడిగేదాన్ని. ఇప్పుడు తలుపు వేశాక ఇంకొకటి కూడా అడుగుతున్నాను, ఇంట్లో ఎవరికి ఏది తెలియకూడదనుకుంటున్నారని. బయట కూర్చున్నవాళ్ల దగ్గరికి పోయి, మీకు దేనికి భయమేస్తోందని వాళ్లనూ అడుగుతున్నాను. రోగి దాచిపెట్టినది నాకు ఎంత అవసరమో, తోడొచ్చినవాళ్లు దాచిపెట్టినదీ అంతే అవసరమని ఆ ఇద్దరి దగ్గర నేర్చుకున్నాను.