ఇసుక బగోనెల ఖాలా రొట్టె

అక్కలారా, నా రాత వంకరటింకర ఉంటది, తప్పులు కూడ ఉంటయి, మన్నించుండ్రి. ఐదో తరగతి దాకనే చదివిన. అక్షరం తెల్వకుంటే పక్కనోళ్ళను అడిగి చదువుకోండ్రి గని నన్ను పిలిచి అడగకుండ్రి, నాకు సిగ్గు. మా పక్కింటి ఖాలా, మనమంత పిన్ని వరుసల పిలుచుకునే సాయబులామె, మొన్న బేస్తవారం పొద్దుగాల చనిపోయింది. అది మన గల్లీల అందరికి ఎరుకే. ఎరుక లేనిది ఇంకొకటి ఉన్నది. అది చెప్పకుంట నాకు కూసుంటె కూసోబుద్ధి అయితలేదు, పంటె నిద్ర వస్తలేదు. నలుగుట్ల నిలబడి చెప్పుడు నాతోని కాదు. అందుకే రాస్తున్న.

నా సోడా రొట్టె ఎట్ల చేస్తవని మీరంత అడుగుతరు. అది మా కోడలు అవ్వగారింటి రొట్టె అని మా అత్తమ్మ మీకు చెప్పింది. నంగునూరుల నన్ను కన్న అవ్వకు జొన్నరొట్టె తప్ప ఇంకో రొట్టె రాదు. అది ఖాలా రొట్టె.

నా బిడ్డకు పాలు పడయని మీకు తెలుసు. రెండేండ్లప్పుడు గుక్కెడు పాలు తాగితే కక్కుకునేది, ఒళ్ళంత దద్దుర్లు. దవాఖానల డాక్టరమ్మ పాలు, పెరుగు, నెయ్యి, అన్ని బందు చేయమన్నది. అన్నం ముద్ద పెడితే ఉమ్మేసేది. బేకరీ బన్ను తెచ్చి పెడితే అండ్ల కూడ పాలున్నయో ఏమో, పెదవులు వాచినయి. పిల్ల ఎముకలు చేతికి తగులుతుండె. "పాలు లేకుంట పిల్లలు పెరుగుతరా?" అని మా అత్తమ్మ రోజూ నన్నే అనేది. నేను చేసేది ఏమున్నది, గోడకాడికి పోయి కండ్లు తుడుసుకునేది.

ఆ గోడ అవతలనే ఖాలా. ఒకరోజు మోర ఎత్తి చూసి, "ఏడ్చుడు బందు చెయ్ బేటీ, పిల్లను తీస్కొని ఇటు రా," అన్నది. పడుచుతనంల ఆమె ఒక పెద్దింట్ల వంట చేసిందట. ఆ ఇంటి ముసలామెకు కూడ పాలు పడకపోతుండె. ఆమె కోసం ఖాలా నేర్చుకున్న రొట్టె ఇది.

పొయ్యి మీద బగోనె, లోతున్న పెద్ద గిన్నె. అండ్ల నాలుగు వేళ్ళ మందం ఇసుక, కడిగి ఎండబెట్టింది. మూత పెట్టి ఇసుక కాలనియ్యాలె. గోధుమపిండి రెండు గ్లాసులు, మైదా రెండు గ్లాసులు, ఉప్పు, చిన్న చెంచా తినే సోడా. మజ్జిగకు బదులు నీళ్ళల్ల నిమ్మకాయ పిండుకోవాలె, కొంచెం పల్లినూనె పోసుకోవాలె. ముద్ద జేసి, పైన కత్తితోని నిలువుకొకటి అడ్డంకొకటి గాటు పెట్టి, పళ్ళెంల పెట్టి ఇసుక మీద దించాలె. మూత మీద కణకణలాడే బొగ్గులు. అంతే.

అంతే అనుకొని నేను ఇంటికొచ్చి చేసిన. చపాతీ పిండి పిసికినట్టు బాగ పిసికిన. తడిబట్ట కప్పి గంటసేపు నానబెట్టిన. మనకు అలవాటు గదా, పిండి నానితేనే మెత్తగ అయితదని. రొట్టె కుండపెంకు ముక్క లెక్క అయ్యింది. ఖాలాకు చూపిస్తే గోడకు కొట్టి చూసింది, ఠంగుమన్నది.

"బేటీ, దీన్ని తలుపు సందుల పెట్టుకో. గాలికి కొట్టుకోదు."

నేను ఏడుపు మొఖం పెట్టిన. ఆమె నా చెయ్యి పట్టుకొని దగ్గర కూసోబెట్టుకున్నది. "సోడా ఒక్కసారే నవ్వుతది. నువ్వు బట్ట కప్పినవు, అది బట్ట కిందనే నవ్వి ఊకున్నది. ఆ నవ్వు మంట మీద నవ్వాలె. తడి తగిలినంక ఆగొద్దు. పిసకొద్దు. ముందుగాల నిప్పు, తర్వాత నీళ్ళు."

మరుసటి రొట్టె పొంగింది. గాటు పెట్టిన కాడ పువ్వు లెక్క విచ్చుకున్నది. నా బిడ్డ ముక్క తిని, ఇంకోటని చెయ్యి చాపింది. కక్కలేదు, దద్దుర్లు రాలేదు. ఆమె పాత బగోనె, ఇసుకతోని సహా, గోడ మీదికెంచి నాకు ఇచ్చింది. "నా చేతులు ఇగ మొయ్యయి, నీ దగ్గరనే ఉంచుకో," అన్నది.

ఇదంత అయినప్పుడు కొండపాకల నా ఆడిబిడ్డ ఇంట్ల ఉన్న మా అత్తమ్మ వాపసొచ్చింది. పిల్ల బుగ్గలు చూసింది, రొట్టె చూసింది.

"ఎవరు నేర్పిన్రే?"

సాయబులింటి ముద్ద మనింటికి రావద్దని ఆమె నాకు కొత్తల్లనే చెప్పింది. నా నోట్లెకెంచి "మా అవ్వ" అని వచ్చింది. ఒక్క మాట. ఆ మాటను ఆమె గల్లీ అంత తిప్పింది, నేను తల ఊపిన.

ఖాలా చెవికి పోకుంట ఉంటదా? తెల్లారి గోడ మీద మోచేతులు పెట్టుకొని నవ్వుకుంట, "మీ అవ్వ రొట్టె మస్తు చేస్తదట గదా! నాకు కూడ జర నేర్పుమను," అన్నది. నాకు భూమిల దిగిపోవాలనిపించింది. ఆమె ఆ ముచ్చట మళ్ళ ఎన్నడు తియ్యలేదు. నేనే రోజు అనుకునేది, ఇయ్యాల చెప్త, రేపు చెప్త. రెండేండ్లు గడిచినయి.

ఈ చలికాలంల ఖాలాకు దమ్ము పట్టి ఆయాసమొచ్చింది. మంచంల పడ్డది. బుధవారం పొద్దుగూకే యాళ్ళకు గోడ అవతలికెంచి సన్నగ పిలిచింది.

"బేటీ, నోటికి ఏం పోతలేదు. ఓ ముక్క రొట్టె పంపుతవా?"

మా అత్తమ్మ వాకిట్ల బియ్యం చెరుగుతుండె. "రేపు చేస్త ఖాలా," అన్న. రేపు అత్తమ్మ అంగడికి పోతది, అప్పుడు చేసుకొని పోదామనుకున్న. తెల్లారేసరికి గోడ అవతల ఏడుపులు.

అప్పటిసంది పొయ్యికాడికి పోత, వస్త. గోడకాడికి పోత, వస్త. మూడో దినం వాళ్ళింట్ల ఖాలా పేరు మీద ఫాతిహా చదువుతరని తెలిసి, అత్తమ్మ ముందటనే బగోనె పొయ్యి మీదికి ఎక్కించిన. బొగ్గులు రాజేస్తుంటే అత్తమ్మ అడిగింది.

"ఎవరికే?"

"ఖాలా ఇంటికి."

"వాళ్ళకు మన రొట్టె ఎందుకు?"

"వాళ్ళదే అత్తమ్మా. మా అవ్వది కాదు. ఖాలానే నేర్పింది. ఈ బగోనె కూడ ఖాలాదే."

నేను వేడివేడిగనే బట్టల చుట్టుకొని పోయిన. ఖాలా కోడలు రెండు చేతులతోని అందుకున్నది. "అమ్మీ రెండుసార్లు అడిగింది, పక్కింటికెంచి రొట్టె వచ్చిందా అని," అన్నది. తప్పు పట్టినట్టు అనలేదు. అందుకే నాకు ఇంకా ఎక్కువ తగిలింది.

ఆ రాత్రి అత్తమ్మ తన అన్నం తనే పెట్టుకొని తిన్నది. ఇయ్యాల పొద్దుగాల లేచి చూస్తే వాకిట్ల గోనెసంచి పరిచి ఉన్నది. దాని మీద బగోనెల ఇసుక ఎండకు ఆరబోసి ఉన్నది. అత్తమ్మ ఒంగి కూసోని అండ్లకెంచి మసిబొగ్గు ముక్కలు ఒక్కొక్కటి ఏరుతున్నది. నా బిడ్డ పక్కన కూసోని ఇసుకల చెయ్యి ఒత్తుతున్నది, చెరుపుతున్నది, మళ్ళ ఒత్తుతున్నది.

అక్కలారా, నా రాత ఎవరన్న చూసి నవ్వుతరు, చదివినంక ఈ కాయితం కాలబెట్టుండ్రి. ఉత్తగ కాదు. మూత మీదికి బొగ్గులు రాజేసేటప్పుడు వాటి కింద పెట్టి అంటించుండ్రి. నిప్పు అయినంకనే పిండి తడుపుండ్రి. తడిపినంక ఆగకుండ్రి.