హెదర్‌స్లీ దొరల బందరు కొమ్మ

కెనడాలోని రెజైనాలో ఇంగ్లండు రాజుగారికి వేలు విడిచిన మేనమామ ఒకాయన ఉన్నారు. సరే, రాజుగారికి కాదు. డెవన్‌లో నాలుగు పొలాలూ ఒక బంగళా ఉన్న హెదర్‌స్లీ దొరలకు. ఆ మాటైనా ఆయన చెప్పిందే. పేరు సంతోషం, పుట్టింది బందరు. ప్రభుత్వ ఆఫీసులో ముప్పై ఏళ్ళు ఫైళ్ళు అటూ ఇటూ జరిపి రిటైరయ్యాక, దొరల వంశచిహ్నం సింహం బొమ్మకు ఫ్రేము కట్టించి టీవీ పైన తగిలించారు.

ఆ రోజుల్లో స్టూడెంట్లు విమానాల నిండా దిగుతున్నారు. ఊళ్ళో గది దొరకడం గగనం. సంతోషం గారి బేస్‌మెంట్‌లో హిస్టరీ చదివే మృదుల ఉండేది. "మేం దొరల వంశం అమ్మా. మీలాగా వీసా లైన్లో నిలబడ్డవాళ్ళం కాదు" అనేవారు, తాను నిలబడ్డ లైను సుబ్బరంగా మరిచిపోయి.

చర్చిలో యోగానంద్‌కు ఇది కిట్టలేదు. దొరలు అచ్చువేయించుకున్న వంశావళి సంపాదించి అందరి ముందూ చదివాడు: చిన్నకొడుకు ఎడ్వర్డ్ బందరులో పెళ్ళి కాకుండానే పోయాడు. సంతోషం గారింటి బైబిల్ మొదటి పేజీలో మాత్రం పైన ఎడ్వర్డ్, కింద ముత్తాత జోసఫ్. ఆదివారం ఫెలోషిప్‌లో తేల్చేస్తానని సవాలు చేసి వచ్చి, తేల్చే పని మృదుల నెత్తిన పెట్టారు సంతోషం గారు.

శనివారం మృదుల పైకొచ్చింది. "రెండూ కరెక్టే అంకుల్."

"పెళ్ళి లేకపోతేనేం, రక్తం రక్తమేగా" అన్నారాయన. దొర రక్తం దొరుకుతుందంటే జోసఫ్ తల్లి పరువు ఆయనకో లెక్క కాదు.

"పేజీ తిప్పండి. మీ పేరు పైన ఎవరున్నారు?"

కళ్ళజోడు సర్దుకున్నారు. "మిస్ ఎమిలీ. మిషన్ ఆసుపత్రి నర్సమ్మ."

"ఆ లెక్కన మీరు ఆవిడ కొడుకు."

వంటింట్లో ఆయన భార్య స్వర్ణకుమారి గారు గరిటె కింద పెట్టి మరీ నవ్వారు. "మా అత్తగారు వింటే బాగుండేది."

"మా అమ్మమ్మ బైబిల్లోనూ ఇంతే అంకుల్. బాప్తిస్మానికి పక్కన నిలబడ్డ పెద్దమనిషి పేరు పైన, బిడ్డ పేరు కింద. ఎడ్వర్డ్ దొర వచ్చాడు, నిలబడ్డాడు, వెళ్ళిపోయాడు."

సంతోషం గారు బైబిల్ మూశారు. "ఫస్ట్‌కి రూమ్ ఖాళీ చేసెయ్యమ్మా."

"ఈ చలిలో ఎక్కడికెళ్తుంది?" అన్నారు స్వర్ణకుమారి గారు. "సరే, పంపించండి. రేపు చర్చిలో నేను మాట్లాడతా. మిస్ ఎమిలీ దగ్గర్నుంచి మొదలెడతా."

ఆదివారానికి సంతోషం గారికి గొంతు పట్టేసింది. సింహం గరాజ్‌లో మంచుపారల వెనక్కి చేరింది. మృదుల చదువయ్యేదాకా ఆ గదిలోనే ఉంది.

మొన్న చర్చి భోజనాల దగ్గర ఎవరో ఈ సంగతి కదిపితే, సంతోషం గారు పులిహోర మీంచి తల కూడా ఎత్తలేదు.

"ఎవడో పని లేనివాడు చెప్పుంటాడు. దొరలెవరు, మృదుల ఎవరు? అసలు మా ఇంటికి బేస్‌మెంటే లేదు."