మట్టి వాసన చూసే వకీలు

మొయినాబాద్ వకీలు సాబ్ ఎవరి పొలానికి వచ్చినా ముందు పిడికెడు మట్టి తీసి వాసన చూసేవాడు. ఆ అలవాటుకే మా బాపు కరిగిపోయాడు.

"వాగు పక్క మీ చెలక భూమి పచ్చగనే ఉండాలె కాకా. ఎన్నటికీ ఇల్లు కట్టకుండ కాయిదం రాద్దాం," అన్నాడాయన. బాపు సంతకం పెట్టాడు.

ఏడాదికి వాగు అవతల విల్లాలు లేచాయి. వాటిలో వకీలు సాబ్‌కూ వాటా ఉంది. బోర్డు మీద మా చెలక ఫోటో, కింద 'ఎదురుగా ఎప్పటికీ పచ్చదనం' అన్న మాట. సొంత చెలకలో ఇల్లు కట్టుకోలేక మేము చేవెళ్లలో కిరాయికి ఉంటున్నాం.

మొన్న గట్టు మీద నా బిడ్డ మట్టి తీసింది. ఆయన కారు ఆపి, "మట్టి ముట్టనియ్యకమ్మా, రోగాలొస్తయ్," అంటూ రుమాలు అందించాడు.

వాసన చూసిన ప్రతిసారీ ఆ రుమాలుతోనే చేతులు తుడుచుకునేవాడు. బాపు వాసన చూడటమే చూశాడు.