ముప్పై రెండో పేజీ తర్వాత

బరంపురం బడా బజార్‌లో ఎండుచేపలమ్మే ఒక ముసలామె పాడుతుంటే, పాతికేళ్ల కిందట ఒక కథాకావ్యాన్ని నోటుపుస్తకంలో రాసుకుని అచ్చువేయించాను. అందులో ఒకామె మొగుడు సముద్రంలో పోతాడు. ఆమె ఒడ్డున నిలబడి ఎదురుచూస్తుంది. తర్వాత పడవవాళ్ల దగ్గరికి వెళ్లి, వలలో మొగుడి వాటా అడిగి తీసుకుంటుంది. గంపెత్తుకుని బజారుకొస్తుంది.

పుస్తకం ముప్పై నాలుగు పేజీలొచ్చింది. అచ్చులో పదహారు పేజీలకొక ఫారం. రెండు పేజీల కోసం మూడో ఫారం దండగన్నాడు ప్రెస్సాయన. అక్షరం సైజు తగ్గిస్తే సరిపోయేది. నేను చివరి రెండు పేజీలు తీసేశాను. ముసలామెకు చదువు రాదు. ఆమెను అడగలేదు.

కథ ఒడ్డునే ఆగిపోయింది. చదివినవాళ్లు కన్నీళ్లు పెట్టుకున్నారు. పతివ్రత కావ్యమని ఒక మాస్టారు సభలో మెచ్చుకున్నారు. ఆ మెప్పు నాకు నచ్చింది. రెండో ముద్రణకి ఆ పేజీలు కలపకపోగా, ఎదురుచూపే ఈ కావ్యానికి ప్రాణమని ముందుమాట కూడా రాశాను. ఆ తర్వాత గోసాని నువాగాంలో ఇల్లు మారినప్పుడు నోటుపుస్తకం పోయింది. ముసలామె కూడా పోయింది.

మొన్న మూడో ముద్రణ మాట వచ్చి, ఆమె కూతురి దగ్గరికి వెళ్లాను. తల్లి కొట్లో ఇప్పుడు ఆమే కూర్చుంటోంది. ఆమెకి కోడలు పుస్తకం చదివి వినిపించిందట.

"ఏటి బాబూ, మాయమ్మ కతని ఇసకలోనే వొగ్గీసినావు?" అంది. "మొగుడు పోయినోళ్లందరూ అక్కడే నిలబడిపోతే ఈ బజార్లో సేపలెవులమ్ముతారు?"

పక్క కొట్టామె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. తప్పు నాదేనని చెప్పి, మిగతాది పాడమన్నాను. మొదట్నించీ ఎత్తుకుంది. ఒడ్డు వరకూ ఎక్కడా తడబడలేదు. అక్కడ ఆగింది.

"నీ పుస్తకం వొచ్చిన కాణ్నించి అందరూ ఇక్కడికే ఆపీమన్నారు. పాడక పాడక నోట్లోంచి పోనాది" అంది.

సాయంత్రం దాకా కూర్చున్నాం. వాటా అడిగే చోట నాలుగు చరణాలు దొరికాయి. గంప దాకా రాలేదు.

"ఉన్నయ్యే ఎయ్యి. లేనివి నువ్వు కట్టి ఎట్టకు" అంది.

ఇప్పుడు ముప్పై మూడో పేజీలో ఆ నాలుగు చరణాలే ఉంటాయి. కింద ఖాళీ ఎందుకుందో ఇక్కడ రాశాను. పాత ముందుమాట తీసేసి దీన్ని పెట్టమన్నాను.